అందమైన యూరప్ నగరాలు: రెండు వారాల్లో మూడు ఊళ్లు

యూరప్‌లో చూడదగ్గ నగరాల పేర్లు రాయడం మొదలుపెడితే పావుగంటలో పేజీ నిండిపోతుంది. పారిస్, రోమ్, వెనిస్, ఫ్లారెన్స్, ప్రాగ్, వియన్నా, బుడాపెస్ట్, ఆమ్‌స్టర్‌డామ్, బ్రూజ్, బార్సిలోనా, లిస్బన్, డుబ్రోవ్నిక్... చేతిలో ఉన్న సెలవు మాత్రం రెండు వారాలు. మరి ఏవి ఉంచాలి, ఏవి వదలాలి? తొలిసారి వెళ్లే కుటుంబాలు ఎక్కువగా తడబడేది ఇక్కడే. అంత దూరం, అంత ఖర్చు పెట్టుకుని వెళ్తున్నప్పుడు అన్నీ చూసి రావాలనిపించడం సహజం. అందుకే పన్నెండు రోజుల్లో ఏడు దేశాల ప్యాకేజీ లాభసాటిగా కనిపిస్తుంది.

అలాంటి ప్యాకేజీలో ఒక రోజు ఎలా గడుస్తుంది? తెల్లవారుజామున సూట్‌కేసులు గది బయట పెట్టాలి. ఏడున్నరకల్లా బస్సు ఎక్కాలి. నాలుగైదు గంటల హైవే. మధ్యాహ్నం ఎండలో, జనం అన్నిటికన్నా ఎక్కువగా ఉండే వేళకు, ఊళ్లో దించుతారు. ఫొటోలకు గంటన్నర ఇస్తే, అందులో సగం టాయిలెట్ క్యూలో పోతుంది. రాత్రి బస ఊరికి దూరంగా, రింగు రోడ్డు పక్కన. ఏడు దేశాల్లో అడుగు పెట్టినమాట నిజమే. కానీ ఏ ఊళ్లోనూ దీపాలు వెలగడం చూడలేదు, ఏ ఊళ్లోనూ తెల్లవారడం చూడలేదు.

లెక్క వేసుకుంటే దారి తేలిపోతుంది. 14 రోజుల్లో విమానాలకు 2 పోతాయి. ఊరు మారిన ప్రతిసారీ సర్దుకోవడం, స్టేషన్, కొత్త హోటల్ కలిపి కనీసం పూట పోతుంది. ఒక్కో నగరానికి మూడు నాలుగు రాత్రులు ఇస్తే మూడు నగరాలు హాయిగా కుదురుతాయి. నాలుగోది ఇరుకవుతుంది. ఐదోదాన్ని కలపడమంటే మిగతా నాలుగింటి నుంచి కోసుకోవడమే.

1. ఒకే రైలుదారిలో ఉన్న ఊళ్లను ఎంచుకోవాలి

మొదటి దారి ఇటలీది: రోమ్, ఫ్లారెన్స్, వెనిస్. రోమ్ నుంచి ఫ్లారెన్స్‌కు వేగంగా వెళ్లే రైల్లో గంటన్నర, అక్కడి నుంచి వెనిస్‌కు రెండు గంటల పైచిలుకు. రెండోది మధ్య యూరప్ దారి: ప్రాగ్, వియన్నా, బుడాపెస్ట్. ప్రాగ్ నుంచి వియన్నాకు నాలుగు గంటలు, వియన్నా నుంచి బుడాపెస్ట్‌కు రెండున్నర గంటల పైన. మూడోది పారిస్, బ్రూజ్, ఆమ్‌స్టర్‌డామ్. దీనిలో బ్రూజ్ కోసం బ్రసెల్స్‌లో రైలు మారాలి.

ఎవరికి ఏ దారి? శిల్పం, గుమ్మటాలు, పాత రాతి కట్టడాలు ఇష్టమైనవాళ్లకు ఇటలీకి మించింది లేదు. తొలి ప్రయాణానికి కూడా అదే సరైనది. ఖర్చు చూసుకోవాల్సినవాళ్లకు ప్రాగ్, బుడాపెస్ట్ తేలిక. మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లు వెంట ఉంటే వియన్నాలో ఎక్కువ రోజులు పెట్టుకోవడం మంచిది. నడివూరంతా చదునుగా ఉంటుంది, చాలాచోట్లకు ట్రామ్ ఉంటుంది. లిస్బన్ ఎంత అందమైనదైనా కొండల మీది ఊరు, ఎక్కడికి వెళ్లాలన్నా ఎక్కడమో దిగడమో తప్పదు.

దారికి విమాన టికెట్‌ను కూడా కలుపుకోవాలి. రోమ్‌లో దిగి మళ్లీ రోమ్ నుంచే బయల్దేరేలా టికెట్ తీసుకుంటే, చివరి రోజు వెనిస్ నుంచి వెనక్కి పరుగెత్తాలి. దిగేది రోమ్‌లో, తిరుగు విమానం వెనిస్‌లో ఉండేలా 'మల్టీ సిటీ' టికెట్ వెతికితే ఆ రోజు మిగులుతుంది. రేటు తేడా చాలాసార్లు ఆ రైలు ఛార్జీకి మించదు.

పిల్లలు అక్కడే చదువుకుంటుంటే దారి వాళ్ల ఊరి నుంచి మొదలవుతుంది. కూతురు మ్యూనిక్‌లో ఎమ్మెస్ చేస్తోందనుకుంటే, తల్లిదండ్రులు అక్కడి నుంచి రెండు గంటల లోపే సాల్జ్‌బర్గ్ చేరొచ్చు. 1756లో మోట్సార్ట్ పుట్టిన ఇల్లు, ఊరి నెత్తిన కోట, కింద నది: ఒక్క రోజుకు సరిపడే ఊరు. అదే రైలుదారిలో ముందుకు వెళ్తే వియన్నా.

2. నెలను ముందు నిర్ణయించాలి

మే, సెప్టెంబర్ అన్నివిధాలా మంచి నెలలు. మే మన వేసవి సెలవుల్లో పడుతుంది. పగళ్లు పొడవు, ఎండ మరీ కాల్చదు. ఆమ్‌స్టర్‌డామ్ దగ్గరి కోయికెన్‌హాఫ్ తులిప్ తోట మార్చి నడుమ తెరిచి మే నడుమకల్లా మూసేస్తారు కాబట్టి, పూల కోసం వెళ్లేవాళ్లు ఏప్రిల్ దాటనివ్వకూడదు. జులై, ఆగస్టు నెలల్లో రోమ్, ఫ్లారెన్స్‌లలో ఎండ, రద్దీ రెండూ భరించడం కష్టం. డిసెంబర్‌లో వియన్నా, ప్రాగ్ క్రిస్మస్ సంతలు కళకళలాడతాయి కానీ ప్రాగ్‌లో సాయంత్రం నాలుగింటికే సూర్యుడు అస్తమిస్తాడు. దానికి సిద్ధపడి వెళ్లాలి.

3. వీసా ఏ దేశానికి పెట్టాలో తేల్చుకోవాలి

షెంగెన్ ఒప్పందంలో ఇప్పుడు 29 దేశాలున్నాయి. ఒక్క వీసాతో వాటన్నిటిలో తిరగొచ్చు. 180 రోజుల్లో 90 రోజులకు మించి ఉండకూడదు. దరఖాస్తు ఎక్కువ రోజులు ఉండే దేశానికి పెట్టాలి, రోజులు సమానమైతే ముందు అడుగుపెట్టే దేశానికి. అపాయింట్‌మెంట్ తొందరగా దొరుకుతోందని వేరే దేశానికి పెట్టి, అక్కడ మొక్కుబడిగా ఒక రాత్రి చూపించడం చాలామంది చేసే తప్పు. బస లెక్కకూ దరఖాస్తుకూ పొంతన కుదరక తిరస్కరణకు గురయ్యేది ఇలాంటివే.

ప్రయాణానికి 6 నెలల ముందు నుంచి దరఖాస్తు పెట్టుకోవచ్చు, 15 రోజుల ముందు గడువు ముగుస్తుంది. వేసవికి అపాయింట్‌మెంట్లు త్వరగా నిండిపోతాయి కాబట్టి ఫిబ్రవరిలోనే మొదలుపెట్టాలి. పెద్దవాళ్లకు ఫీజు 90 యూరోలు. కనీసం 30,000 యూరోల వైద్య బీమా తప్పనిసరి. తిరుగు ప్రయాణం తర్వాత కూడా పాస్‌పోర్ట్‌కు 3 నెలల గడువు ఉండాలి. వీసా చేతికి వచ్చేదాకా రద్దు చేసుకునే వీలున్న హోటళ్లే తీసుకోవాలి. లండన్, ఎడిన్‌బరో ఈ వీసాలోకి రావు. బ్రిటన్ వీసా వేరు, ఖర్చు వేరు. వాటిని మరో ప్రయాణానికి ఉంచుకోవడం మేలు.

4. బస ఊరి నడుమనే ఉండాలి

ఈ మాట ఎంత ముఖ్యమో వెనిస్ ఒక్కటి చాలు చూపించడానికి. 118 చిన్న దీవులు, వాటిని కలిపే 400కు పైగా వంతెనలు. కార్లు లేవు, బైకులు లేవు. ఊరి చివర రైల్వే స్టేషన్ మెట్లు దిగగానే ఎదురుగా రోడ్డు ఉండదు, గ్రాండ్ కెనాల్ నీళ్లు ఉంటాయి. హోటల్ రేట్లు తక్కువని చాలామంది పక్కనే నేల మీదున్న మెస్త్రేలో గది తీసుకుంటారు. రైల్లో పది నిమిషాలే. పగలు వచ్చి చూసి, రాత్రికి వెళ్లిపోవచ్చు కదా?

వెళ్లొచ్చు. కానీ వెనిస్ పగటిపూట వచ్చిపోయేవాళ్లది కానే కాదు. పదింటికి జనం దిగుతారు. రియాల్టో వంతెన మీద అడుగు తీసి అడుగు వేయలేని రద్దీ సాయంత్రం ఐదారింటి దాకా ఉంటుంది. ఆ తర్వాత ఊరు ఖాళీ అవుతుంది. సందుల్లో బూట్ల చప్పుడు, మెట్ల అంచుకు నీళ్లు తగిలే చప్పుడు తప్ప ఇంకేమీ వినిపించదు. తెల్లవారి ఆరింటికి లేచి బయటికొస్తే అసలు ఊరు కనిపిస్తుంది: కూరగాయల పెట్టెలు మోసుకొచ్చే పడవ, చెత్త ఎత్తే పడవ, పార్సిళ్ల పడవ. అంబులెన్స్ కూడా పడవే. ఊళ్లో రాత్రి బస చేసేవాళ్లకు ఈ రెండు పూటలూ ఉచితంగా దక్కుతాయి. పైగా 2024 నుంచి రద్దీ రోజుల్లో పగటి సందర్శకుల దగ్గర వెనిస్ ప్రవేశ రుసుము తీసుకుంటోంది. రాత్రి ఉండేవాళ్లకు దాని నుంచి మినహాయింపు ఉంది.

హోటల్ ఎంచుకునేటప్పుడు పడవ రేవు నుంచి ఎన్ని వంతెనలు దాటాలో పటంలో చూసుకోవాలి. ప్రతి వంతెనకూ మెట్లుంటాయి. ఇరవై మూడు కిలోల సూట్‌కేసుతో నాలుగు వంతెనలు ఎక్కి దిగితే ఆ పూట ఇంకేమీ చూసే ఓపిక ఉండదు. ఊళ్లో తిరిగే నీటి బస్సును వపొరెత్తో అంటారు. 1వ నంబరు వపొరెత్తో గ్రాండ్ కెనాల్ పొడవునా ప్రతి రేవులోనూ ఆగుతూ నెమ్మదిగా వెళ్తుంది. చీకటి పడ్డాక అందులో బయటి సీటు దొరికితే, రెండువైపులా భవనాల్లో షాండ్లియర్లు వెలుగుతూ కనిపిస్తాయి. గొండోలా ఖరీదు పగలు అరగంటకు 90 యూరోలు. అది పడవకు, మనిషికి కాదు. నలుగురు పంచుకోవచ్చు. అదీ ఎక్కువనిపిస్తే త్రగెత్తో ఉంది. గ్రాండ్ కెనాల్‌ను ఈ ఒడ్డు నుంచి ఆ ఒడ్డుకు దాటించే గొండోలా ఇది. రెండు యూరోలు, రెండు నిమిషాలు. స్థానికులు నిలబడే దాటేస్తారు.

ప్రాగ్‌లో పాత ఊరు, ఫ్లారెన్స్‌లో పెద్ద చర్చి చుట్టుపక్కల, రోమ్‌లో పాంథియన్ పరిసరాలు: ఇక్కడ గది చిన్నదైనా, కాస్త ఖరీదైనా తీసుకోవాలి. గదికి మిగిల్చిన డబ్బు టాక్సీలకే పోతుంది, మధ్యాహ్నం ఓ గంట నడుం వాల్చే వీలూ పోతుంది.

5. ప్రతి చోటికీ దాని వేళ ఉంటుంది

ప్రాగ్‌లోని చార్లెస్ వంతెనను 1357లో కట్టడం మొదలుపెట్టారు. 516 మీటర్ల పొడవు, రెండు పక్కలా 30 విగ్రహాలు. మధ్యాహ్నం వెళ్లినవాళ్లు ముందువాళ్ల వీపులు చూసి వస్తారు. సూర్యోదయానికి వెళ్తే నల్లబడ్డ విగ్రహాల వెనక కోట మెల్లగా తేలి కనిపిస్తుంది, కింద వల్తావా నదిలో హంసలు ఈదుతుంటాయి. వంతెన మీది సెయింట్ నెపోముక్ జాన్ విగ్రహం కింది లోహపు పలకను తరతరాలుగా జనం తాకుతుండడంతో అది ఒక్కచోట బంగారంలా మెరుస్తుంది. గుడి గడపను కళ్లకద్దుకునే అలవాటున్నవాళ్లకు ఆ మెరుపు ఎలా వచ్చిందో వేరే చెప్పక్కర్లేదు.

రోమ్‌లో పాంథియన్‌కు మంచి వేళ మధ్యాహ్నమే. గుమ్మటం నడినెత్తిన తెరిచి ఉన్న గుండ్రటి కన్నంలోంచి ఎండ ఒక స్తంభంలా లోపలికి దిగి, గోడ మీద నెమ్మదిగా కదులుతుంది. వాన పడితే నీళ్లూ అందులోంచే పడతాయి, పోవడానికి నేలలో కన్నాలున్నాయి. దాదాపు 1,900 ఏళ్ల నాటి ఈ గుమ్మటంలో ఇనుప చువ్వ ఒక్కటీ లేదు. 43 మీటర్ల వ్యాసంతో ఇలాంటి కాంక్రీటు గుమ్మటాల్లో ఇప్పటికీ ఇదే అతి పెద్దది. ట్రెవీ ఫౌంటెన్‌కు మాత్రం తెల్లవారుజామునే వెళ్లాలి. దారిలో దాహమేస్తే వీధి మూలల్లో ముక్కులాంటి గొట్టంతో ఇనుప కుళాయిలు ఉంటాయి. వాటిని నజోనీ అంటారు. గొట్టం చివర వేలితో మూస్తే, పైన ఉన్న చిన్న రంధ్రంలోంచి నీళ్లు పైకి చిమ్ముతాయి. వంగకుండా నోరు పెట్టి తాగొచ్చు. సీసా నీళ్లు కొనాల్సిన పనే లేదు.

బుడాపెస్ట్ సాయంత్రపు నగరం. డాన్యూబ్‌కు అటు బుడా, ఇటు పెస్ట్, పక్కన ఓబుడా: ఈ మూడూ 1873లో ఒక్కటయ్యాయి. సూర్యుడు దిగే వేళ పెస్ట్ ఒడ్డు వెంట వెళ్లే 2వ నంబరు ట్రామ్ ఎక్కాలి. లేదా బుడా ఒడ్డున కూర్చుని ఎదుటి పార్లమెంటు భవనం మీద దీపాలు వెలిగేదాకా ఆగాలి. యూరప్‌లో సాయంత్రానికి ఇంతకన్నా అందమైన దృశ్యం దొరకడం కష్టం. మర్నాడు ఉదయం సెచెన్యీ స్నానశాల. భూగర్భంలోంచి వచ్చే వేడినీళ్ల కొలనులు, వాటిలో మెడదాకా మునిగి చదరంగం ఆడే పెద్దమనుషులు. ఈతదుస్తులు, చెప్పులు, తువ్వాలు వెంట తీసుకెళ్లాలి. అక్కడ ఎవరూ ఎవరినీ పట్టించుకోరు కాబట్టి బిడియపడి మానుకోనక్కర్లేదు.

పారిస్‌లో ఈఫిల్ టవర్ ఎక్కడానికే సగం రోజు పెట్టేస్తే, ఎక్కాక కనిపించే పారిస్‌లో టవరే ఉండదు. ఆర్క్ ద ట్రయంఫ్ మీదికి 284 మెట్లు ఎక్కితే టవర్‌తో సహా ఊరంతా కనిపిస్తుంది. చీకటి పడ్డాక ప్రతి గంటకూ టవర్ ఐదు నిమిషాలు తళతళలాడుతుంది. జూన్‌లో చీకటి పడేసరికి రాత్రి పది దాటుతుంది, పసిపిల్లలున్నవాళ్లు ఇది గమనించుకోవాలి. 13వ శతాబ్దపు సెయింట్ షపెల్ చర్చి రంగుటద్దాల కోసం ఎండ కాసే పూటను అట్టిపెట్టుకోవాలి. మబ్బు పట్టిన రోజు అదే గది సగం మూగబోతుంది. 2019 ఏప్రిల్‌లో కాలిపోయిన నోత్రదామ్ 2024 డిసెంబర్‌లో మళ్లీ తెరుచుకుంది. లోపలికి టికెట్ లేదు.

వియన్నాకు తొందర పనికిరాదు. కాఫీ హౌస్‌లో ఒక్క కప్పు చెప్పి, పక్కన పెట్టే గ్లాసు నీళ్లతో గంటలకొద్దీ కూర్చున్నా లెమ్మని ఎవరూ అనరు. షోన్‌బ్రున్ రాజభవనానికి టికెట్ ఉంది కానీ విశాలమైన దాని తోట ఉచితం. ఒపేరా అంటే ధనవంతులదనుకుని వదిలేస్తారు చాలామంది. నిలబడి చూసే టికెట్లు తక్కువ ధరకే అమ్ముతారు. నచ్చకపోతే విరామంలో వచ్చేయొచ్చు. జులై, ఆగస్టులలో మాత్రం ఒపేరాకు సెలవు.

6. మూసే రోజులు, ముందే కొనాల్సిన టికెట్లు

పారిస్‌లోని లూవ్ర్‌ మ్యూజియానికి మంగళవారం సెలవు. అక్కడి ఒర్సే మ్యూజియం, ఫ్లారెన్స్‌లోని ఉఫీజీ, మైఖెలాంజెలో డేవిడ్ విగ్రహమున్న అకాదేమియా సోమవారం మూస్తారు. వాటికన్ మ్యూజియంలు నెలలో చివరిది తప్ప మిగతా ఆదివారాలు తెరవరు. ఊళ్ల తేదీలు ఖాయం చేసే ముందే ఈ వారాలు చూసుకోవాలి. ఆది, సోమవారాలకే ఫ్లారెన్స్ కుదిరినవాళ్లకు డేవిడ్‌ను చూసే అవకాశం ఒక్క రోజుకు తగ్గిపోతుంది. ఆమ్‌స్టర్‌డామ్‌లో ఆన్ ఫ్రాంక్ ఇంటి టికెట్లు ఆరు వారాల ముందు, మంగళవారం నాడు ఆన్‌లైన్‌లో పెడతారు. తలుపు దగ్గర అమ్మరు. ఫ్లారెన్స్ గుమ్మటం మీదికి 463 మెట్లు, లిఫ్ట్ లేదు, వేళ కూడా ముందే ఎంచుకోవాలి.

ఇటలీ చర్చిల్లోకి భుజాలు, మోకాళ్లు కప్పే బట్టలతోనే వెళ్లనిస్తారు. బ్యాగులో ఒక చున్నీ ఉంటే చాలు. ఆస్ట్రియాలో ఆదివారం సూపర్‌మార్కెట్లు మూసి ఉంటాయి కాబట్టి, పాలూ పెరుగూ శనివారమే కొనుక్కోవాలి.

7. డబ్బు చేతులు మారే చోట జాగ్రత్త

చెక్ దేశం, హంగరీ షెంగెన్‌లో ఉన్నా యూరో వాడవు. ప్రాగ్‌లో కొరునా, బుడాపెస్ట్‌లో ఫోరింట్. యూరోలు తీసుకునే దుకాణాలున్నా వాళ్లు కట్టే రేటు నష్టమే. ఏటీఎం గానీ కార్డు మెషిన్ గానీ 'రూపాయల్లో తీసుకోమంటారా, స్థానిక కరెన్సీలోనా' అని అడిగితే ఎప్పుడూ స్థానిక కరెన్సీయే నొక్కాలి. రూపాయల రేటు ఆ మెషిన్‌వాడు కట్టింది. ప్రాగ్‌లో వీధి మార్పిడి కౌంటర్‌లో మోసపోయామనిపిస్తే, రసీదు చూపించి 3 గంటల్లోపు ఆ మార్పిడిని రద్దు చేసుకునే హక్కును 2019 నుంచి అక్కడి చట్టం ఇస్తోంది. పారిస్ మెట్రోలో, రోమ్ బస్సుల్లో ఫోన్ వెనక జేబులో పెట్టుకోకూడదు. పాస్‌పోర్ట్ లోపలి సంచిలోనే ఉండాలి.

ఇటలీలో బార్ దగ్గర నిలబడి తాగే కాఫీకి ఒక రేటు, కుర్చీలో కూర్చుంటే ఇంకో రేటు. బిల్లులో 'కొపెర్తో' అని కనిపించేది బల్ల రుసుము, మోసం కాదు. హోటల్లో తలకు, రాత్రికి ఇంత అని నగర పన్ను విడిగా తీసుకుంటారు. అది ఆన్‌లైన్‌లో కట్టిన గది అద్దెలో చాలాచోట్ల కలిసి ఉండదు.

8. సంచిలో ఏం పెట్టుకోవాలి, ఏం పెట్టుకోకూడదు

పులిహోర పేస్టు, పప్పుల పొడి, మామిడికాయ పచ్చడి, ఉప్మా మిక్స్ నిరభ్యంతరంగా పట్టుకెళ్లొచ్చు. కానీ యూరోపియన్ యూనియన్‌లోకి ప్రయాణికులు మాంసం, పాల పదార్థాలు తేకూడదు. అంటే నెయ్యి డబ్బా, పాలకోవా, చికెన్ పచ్చడి, మటన్ పచ్చడి అన్నీ కస్టమ్స్ దగ్గర పారేసేవే. మే నెలలో అక్కడి బంధువులకని బంగినపల్లి పండ్లు పెట్టుకునేవాళ్లు చాలామంది. ధ్రువపత్రం లేని తాజా పండ్లు, పచ్చి కరివేపాకు కూడా నిషేధమే. ఎండబెట్టిన అప్పడాలు, వడియాలు ఇస్తే బంధువులూ సంతోషిస్తారు, సామానూ చెక్కుచెదరదు.

చెప్పుల విషయంలో పొదుపు చేయకూడదు. ప్రాగ్, రోమ్ వీధుల్లో పరిచినవి చిన్నచిన్న చదరపు రాళ్లు. అరిగిన అట్టతో రోజుకు పది కిలోమీటర్లు నడిస్తే మూడోనాటికి మడమలు లేవనివ్వవు. కొత్త బూట్లయితే బయల్దేరే నెల ముందు నుంచే వేసుకుని అలవాటు చేసుకోవాలి.

9. చివరి రోజు

తిరుగు విమానం ఎక్కే ఊళ్లో చివరి ఉదయం ఏ టికెట్టూ పెట్టుకోకపోవడం మంచిది. నచ్చిన వీధికి మళ్లీ వెళ్లడానికి, ఇంటికి కొనాల్సినవి కొనడానికి ఆ పూట కావాలి. యూరోపియన్ యూనియన్‌లో ఒక దుకాణంలో పెద్ద మొత్తానికి కొంటే అమ్మకపు పన్ను కొంత వెనక్కి వస్తుంది. ఫ్రాన్స్‌లో 100 యూరోలు, ఇటలీలో 70 యూరోలు దాటాలి. కొనేటప్పుడే పాస్‌పోర్ట్ చూపించి ఫారం అడగాలి. యూనియన్ దాటే ఆఖరి విమానాశ్రయంలో ఆ ఫారానికి కస్టమ్స్ ముద్ర వేయించుకోవాలి. కొన్న వస్తువు చూపించమంటారు కాబట్టి, దాన్ని పెట్టిన సూట్‌కేసు చెక్-ఇన్ చేయకముందే అక్కడికి వెళ్లాలి. ఈ క్యూ కోసం మామూలుకన్నా గంట ముందు బయల్దేరాలి.